ఖుర్బానీ మొదటిసారి ఇస్తున్నారా? పొట్టేలు కంటే ముందు పేర్లు రాసుకోండి

బక్రీద్ ఇంకో నెల ఉందనగానే మా విజయవాడ వన్‌టౌన్‌లో మాటలన్నీ పొట్టేళ్ల మీదే నడుస్తాయి. ఎక్కడ కొన్నారు, ఎంత తూగింది, పల్నాడు వైపు నుంచి తెచ్చారా, ప్రకాశం వైపు నుంచా అని. ఈమధ్య ఉద్యోగాల్లో కుదురుకున్న కుర్రాళ్లు చాలామంది మొదటిసారి సొంత డబ్బుతో ఖుర్బానీ (బక్రీద్‌కు అల్లాహ్ పేరిట ఇచ్చే పశుబలి) ఇస్తున్నారు. "అన్నా, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడుగుతుంటారు. మేం ముస్లింలలో నూర్‌బాషాలం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఉర్దూ పుస్తకం తీసి చదువుకునే వీలు లేని మాలాంటి ఇళ్ల కోసం, పెద్దల దగ్గర నేర్చుకున్నదీ చేతులారా చేసి తెలుసుకున్నదీ వరసగా రాస్తున్నాను. నియమాల దగ్గర రాసింది ఇమాం అబూ హనీఫా బోధనల మీద నడిచే హనఫీ పద్ధతి, మన వైపు ఎక్కువమంది పాటించేది అదే. మీకు ఏదైనా అనుమానం వస్తే మీ మసీదు ఇమాం సాబ్‌ను అడగండి, మొహమాటపడకండి.

మీ మీద బాధ్యత ఉందో లేదో చూసుకోండి

ఖుర్బానీ స్థోమత ఉన్నవాళ్ల మీద వాజిబ్, అంటే తప్పనిసరి. స్థోమతకు ఒక లెక్క ఉంది. అప్పులు, ఇంటి అవసరాలు పోగా మీ దగ్గర 612 గ్రాముల వెండి ఖరీదుకు సరిపడా డబ్బో, బంగారమో, అవసరానికి మించిన సామానో ఉంటే ఇవ్వాలి. జకాత్‌కు (ఏటా ఇవ్వాల్సిన విధి దానానికి) ఆ సొమ్ము ఏడాది పాటు ఉండాలన్న షరతు ఉంది. ఖుర్బానీకి ఆ షరతు లేదు, పండుగ రోజుల్లో ఉంటే చాలు. భర్త లెక్క భర్తది, భార్య లెక్క భార్యది. నగలు కలిపి చూస్తే లెక్కలోకి వచ్చే భార్య "మా ఆయన ఇచ్చేస్తున్నారుగా" అనుకుంటే సరిపోదు.

లెక్కలోకి రాకపోతే బాధపడాల్సిన పని లేదు. అల్లాహ్ అడగని దాన్ని పక్కింటి వాళ్ల కోసం చేయొద్దు. రోజువారీ ఫైనాన్స్‌లో అప్పు తెచ్చి పొట్టేలు కట్టేసిన ఇళ్లు నేను చూశాను. పండుగ మూడు రోజుల్లో అయిపోతుంది, ఆ కిస్తీలు వానాకాలం దాటినా తెగవు. పిల్లలు "మనింటికి పొట్టేలు రాలేదా" అని అడిగితే ఉన్నమాట చెప్పండి. ఆ ఇంటి పిల్లలకు పండుగ ఎలా వస్తుందన్నది స్థోమత ఉన్నవాళ్లు పట్టించుకోవాల్సిన సంగతి, దాని గురించి కింద రాస్తాను.

ఇంట్లో అందరూ కూర్చుని ఆ కథ ఒకసారి చెప్పుకోండి

ప్రవక్త ఇబ్రాహీం అలైహిస్సలాం కొడుకును బలి ఇస్తున్నట్టు కల కన్నారు. ఖుర్‌ఆన్ 37వ సూరాలో (అధ్యాయంలో) ఆ ఘట్టం ఉంది. అందులో నన్ను ఎప్పుడూ ఆపేసే మాట ఒకటుంది. తండ్రి కత్తి తీసుకుని నేరుగా వెళ్లలేదు. కొడుకును పిలిచి కల సంగతి చెప్పి, "నీ ఉద్దేశం ఏమిటో చూడు" అని అడిగారు. ఆ అబ్బాయి "నాన్నా, మీకు ఆజ్ఞ అయిందే చేయండి, అల్లాహ్ తలిస్తే నన్ను ఓర్పు గలవాడిగా చూస్తారు" అన్నాడు. ఇద్దరూ ఒప్పుకున్నాకే అది సమర్పణ అయింది. చివరికి అల్లాహ్ ఆ బిడ్డను తీసుకోలేదు, బదులుగా ఒక బలిపశువును ఇచ్చి కాపాడాడు.

అందుకే పొట్టేలు కొనక ముందే ఇంట్లో వాళ్లతో మాట్లాడమంటాను. ఎంత ఖర్చు పెడుతున్నాం, ఎందుకు పెడుతున్నాం, ఎవరికి పంచుతున్నాం అన్నది ఇల్లాలికీ పిల్లలకీ తెలియాలి. ఇంటాయన ఒక్కడే నిర్ణయించి, కోయించి, మాంసం గిన్నెలు వంటింట్లో దింపితే ఆడవాళ్లకు ఆ రోజంతా చాకిరీగానే మిగులుతుంది.

అప్పుడే 22వ సూరాలోని రెండు ఆయతులు (వాక్యాలు) చదివి వినిపించండి. 37వ ఆయతులో వాటి మాంసం గానీ రక్తం గానీ అల్లాహ్‌కు చేరదు, మీ తఖ్వా మాత్రమే చేరుతుంది అని ఉంది. తఖ్వా అంటే పైవాడు చూస్తున్నాడన్న ఎరుకతో బతకడం. దాని ముందున్న 36వ ఆయతు ఆ మాంసం ఏం చేయాలో చెబుతుంది. మీరు తినండి, "ఖానె"కు పెట్టండి, "ముఅతర్"కు పెట్టండి అంటుంది. ముఅతర్ అంటే అడగడానికి మీ గుమ్మం దాకా వచ్చేవాడు. ఖానె అంటే ఉన్నదాంతో సరిపెట్టుకుని ఎవరినీ అడగకుండా ఇంట్లోనే ఉండేవాడు. ముఅతర్ ఎలాగూ మీకు కనిపిస్తాడు. ఖానెను మీరు వెతకాలి. ఈ వ్యాసం మొత్తం ఆ వెతుకులాట కోసమే రాస్తున్నాను.

జాబితా రాయండి

మా నాన్న పరుపులు కుట్టేవాడు. దూది ఏకడం మా తాతల నాటి పని. మా షాపు చిన్నదే అయినా వీధిలో మంచి పేరుండేది. ఏటా ఖుర్బానీ ఇచ్చేవాళ్లం. నాకు పదకొండేళ్లప్పుడు నాన్నకు ఊపిరితిత్తుల జబ్బు చేసి ఆరు నెలలు షాపు మూతపడింది. ఆ బక్రీద్‌కు మా ఇంట్లో పొట్టేలు లేదు. మాంసం పంపినవాళ్లు కూడా లేరు. అందరూ మేం ఇస్తున్నామనే అనుకున్నారు. వీధి చివర ఒక పెద్దింటి ముందు గిన్నెలు పట్టుకుని వరస కట్టిన వాళ్లున్నారు, కానీ అమ్మ మమ్మల్ని ఆ వైపు కూడా వెళ్లనివ్వలేదు. మధ్యాహ్నం పప్పు, ఆమ్లెట్ వేసింది. చుట్టుపక్కల ఇళ్ల నుంచి మసాలా వాసన వస్తుంటే తమ్ముడు తలుపేసేయమన్నాడు.

మగ్రిబ్ (పొద్దుగూకే వేళ నమాజు) దాటాక తలుపు చప్పుడైంది. నాన్న షాపు పక్కన టైలర్ షాపు నడిపే ఆయన భార్య, మూడు గిన్నెల స్టీల్ క్యారియర్ కొంగు చాటున పట్టుకుని వచ్చింది. అమ్మతో ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తే: "అక్కా, మా ఫ్రిజ్ ఆగిపోయింది. పాడైపోతే పాపం కదా, కాస్త సాయం చేయండి." వాళ్ల ఫ్రిజ్ ఆగిపోలేదని అమ్మకు తెలుసు. ఆమె పేరు అమ్మ దువాలో (ప్రార్థనలో) ఎన్నేళ్లు వినిపించిందో చెప్పలేను.

అందుకే నేను పొట్టేలు కొనే ముందు కాగితం తీస్తాను. మీరూ తీయండి. మొదట అడగని ఇళ్లు రాయండి. ఈ ఏడాది పని పోయినవాళ్లు, ఇంట్లో ఆపరేషన్ అయినవాళ్లు, కూతురి పెళ్లి చేసి చితికిపోయినవాళ్లు, నిరుడు ఖుర్బానీ ఇచ్చి ఈసారి చప్పుడు లేనివాళ్లు. భర్త పోయిన ఆడవాళ్లు. మీ ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేసే ఆమె. మసీదులో అజాన్ ఇచ్చే మౌజన్ సాబ్ (ఆయనకొచ్చే జీతం ఎంతో ఎప్పుడైనా అడిగారా?). గుంటూరులోనైతే పెద్దాసుపత్రిలో మనిషిని చేర్చుకుని బయట వరండాల్లో పడుకునే పల్లెటూరి వాళ్లు. వాళ్లకు పచ్చి మాంసం ఇస్తే వండుకునే చోటు ఉండదు, కాబట్టి వండి ప్యాకెట్లు కట్టి ఇవ్వాలి. ఇలాంటివి ముందే ఆలోచించుకోవాలి, పండుగ రోజు తోచవు.

ఇవన్నీ తెలుసుకోవడానికి సర్వే చేయక్కర్లేదు. కిరాణా కొట్టు ఆయన దగ్గర ఖాతా ఎవరిది పెరిగిపోతోందో ఆయనకు తెలుసు. పేర్లు అడిగితే చెప్పకపోవచ్చు, చెప్పకపోవడమే మర్యాద. "ఒక ఇంటికి పంపాలి, నా పేరు వద్దు, మీరే అందించండి" అనండి, ఆయనే చూసుకుంటాడు. స్కూల్ టీచర్లకు తెలుసు. అన్నిటికంటే మీ అమ్మకు తెలుసు. ఆమెను కూర్చోబెట్టి అడగండి.

బంధువులు, స్నేహితుల పేర్లు తర్వాత రాసుకోండి. అవి ఎలాగూ మర్చిపోరు.

పొట్టేలు ఎంచుకునేటప్పుడు

మేకకైనా గొర్రెకైనా ఏడాది నిండాలి. ఆరు నెలలు దాటిన గొర్రెపిల్ల చూడ్డానికి ఏడాది దానిలా బలంగా ఉంటే అదీ చెల్లుతుంది. ఇది గొర్రెకే, మేకకు వర్తించదు. వయసు మాట అమ్మేవాడిని అడిగితే ప్రతిదీ ఏడాదే అంటాడు. నోరు తెరిచి కింది పళ్లు చూడండి. ముందు రెండు పాలపళ్లు ఊడి వెడల్పాటి పళ్లు వచ్చి ఉంటే ఏడాది దాటినట్టే. మన వైపు దీన్నే "రెండు పళ్లది" అంటారు.

ఒక కన్ను పోయినది, పైకి తెలిసే జబ్బు ఉన్నది, కుంటిది, మూలుగ కూడా లేనంత బక్కచిక్కినది పనికిరావని ప్రవక్త ముహమ్మద్ (స) చెప్పారు. చెవి గానీ తోక గానీ మూడో వంతుకు మించి తెగినా వద్దు. విత్తు కొట్టిన పొట్టేలు నిరభ్యంతరంగా పనికొస్తుంది. ముక్కు కారుతోందా, పేడ గట్టిగా ఉందా, మంద దూరంగా వెళ్తుంటే వెనకే నడుస్తోందా చూడండి. ఒక మూల తల వాల్చి నిలబడ్డ దాన్ని ధర తక్కువని తీసుకోవద్దు.

మన దగ్గర ఎక్కువగా దొరికేవి నెల్లూరు జాతి గొర్రెలు, పొడుగు కాళ్లు, పొట్టి వెంట్రుకలు. బతికున్న బరువులో మాంసం దాదాపు సగం, ఒక్కోసారి ఇంకాస్త తక్కువ వస్తుంది. 26 కిలోలు తూగిందంటే 12 కిలోలు వస్తుందనుకోండి. మీ జాబితాలో ఎన్ని ఇళ్లున్నాయో చూసుకుని ఎంత బరువుది కావాలో తేల్చుకోండి. కొమ్ములు, రంగు, నుదుటి మీద మచ్చ చూసి వేలు పోసి కొనే పోటీ ఒకటి నడుస్తోంది. ఆ తేడా డబ్బుతో ఇంకో పది ఇళ్లకు మాంసం వెళ్తుంది. ఆ ఇళ్ల పేర్లు మీ జేబులోనే ఉన్నాయి.

పెద్ద పశువులో ఏడుగురు వాటాలు కలవొచ్చన్నది షరియత్‌లో ఉన్న మాటే. అయితే మన రాష్ట్రంలో 1977 చట్టం ప్రకారం ఆవును, దూడలను వధించడం నిషేధం. చట్టానికి లోబడి ఉండండి, సందేహం ఉన్న చోటికి వెళ్లొద్దు. పొట్టేలు, మేకపోతు చాలు.

ఇంటికి తెచ్చాక

ఆటోలో నాలుగు కాళ్లూ కట్టి ఒకదాని మీద ఒకటి పడేసి తేవద్దు. నిలబెట్టి తెండి, పక్కన ఒక మనిషి కూర్చోండి. ఈ ఏళ్లలో బక్రీద్ మే, జూన్ నెలల్లో పడుతోంది, ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2025లో జూన్ 7న వచ్చింది. మన బెజవాడ ఎండ సంగతి చెప్పక్కర్లేదు. నీడ, పూటకు రెండుసార్లు నీళ్లు, పచ్చి మేత ఉండాలి. టెర్రస్ మీద కట్టేస్తే గచ్చు కాలుతుంది, తడి గోనెసంచులు పరవండి.

పిల్లలు దానికి పేరు పెట్టుకుంటారు, అవిసాకు తెచ్చి తినిపిస్తారు. పెట్టుకోనివ్వండి. పండుగ రోజు ఏడిస్తే తిట్టొద్దు. "ఏడవకూడదు, గునాహ్ (పాపం)" అని భయపెట్టేవాళ్లను చూశాను. ఇష్టమైన దాన్ని ఇవ్వడం అంటే ఏమిటో ఆ ఇంట్లో అందరికంటే ముందు వాడికే తెలుస్తోంది. పక్కన కూర్చోబెట్టుకుని ఇబ్రాహీం కథ మళ్లీ చెప్పండి, చూడలేనంటే లోపలికి పంపేయండి.

బక్రీద్ వచ్చే జిల్‌హజ్ నెల నెలవంక కనిపించాక ఖుర్బానీ ఇచ్చేవాళ్లు గోళ్లు, వెంట్రుకలు తీసుకోకుండా ఉంటారు. 9వ తేదీ అరఫా రోజు ఉపవాసానికి గొప్ప పుణ్యం ఉంది, వీలైతే ఉండండి. ఆ రోజు ఫజర్ (తెల్లవారుజాము నమాజు) నుంచి 13వ తేదీ అసర్ (సాయంత్రం నమాజు) దాకా ప్రతి ఫర్జ్ (విధి) నమాజు తర్వాత తక్బీర్ (అల్లాహు అక్బర్ అని స్తుతించే మాటలు) చదవాలి.

కసాయి భాయ్‌తో ముందే మాట్లాడుకోండి

పది రోజుల ముందే మాట్లాడుకోకపోతే పండుగ రోజు ఆయన దొరకడు. కూలి ఎంతో స్పష్టంగా తేల్చుకోండి. తోలు, తలకాయ, మాంసం కూలిలో జమ కట్టకూడదు. తన అల్లుడు హజ్రత్ అలీకి ప్రవక్త (స) ఈ విషయం ప్రత్యేకంగా చెప్పారు. కసాయికి కూలి మన చేతి డబ్బుతోనే ఇవ్వాలి. ఆయన పేదవాడైతే కూలి వేరు, మాంసం పొట్లం వేరు. తోలు అమ్మితే ఆ డబ్బు పేదలదే. ఇదివరకు తోళ్ల మీద వచ్చే డబ్బు మదరసాలకు మంచి ఆధారంగా ఉండేది, ఈమధ్య ధర బాగా పడిపోయింది. కాబట్టి తోలు ఇచ్చి చేతులు దులుపుకోకుండా దాంతో పాటు కొంత డబ్బు కూడా పెట్టండి. తోలుకు ఉప్పు పట్టించి సాయంత్రంలోపు చేర్చండి, ఎండకు పాడైతే ఎవరికీ పనికిరాదు.

కోత ఎక్కడన్నది కూడా ముందే చూసుకోవాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, పదిమంది నడిచే సందులో వద్దు. మసీదు పెద్దలు ఏర్పాటు చేసిన చోటుకో, కసాయి దుకాణానికో తీసుకెళ్లండి. వ్యర్థాల బండి ఎప్పుడు వస్తుందో మీ వార్డులో శానిటేషన్ చూసేవాళ్లను అడిగి తెలుసుకోండి. రక్తం, పేగులు కాలవలో కలవకూడదు. మన పక్కింట్లో మాంసం ముట్టనివాళ్లు ఉండొచ్చు, వాళ్ల గుమ్మం ముందు ఎర్రటి నీళ్లు పారితే మన ఖుర్బానీ వాళ్లకు బాధగా మిగులుతుంది.

పండుగ ఉదయం

స్నానం చేసి, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని, ఏమీ తినకుండా, తక్బీర్ చదువుకుంటూ నమాజుకు వెళ్లండి. వెళ్లిన దారిన కాకుండా వేరే దారిన తిరిగి రావడం సున్నత్ (ప్రవక్త అలవాటు). నమాజుకు ముందు కోసింది ఖుర్బానీ కింద లెక్కకు రాదు, అది ఇంటికి తెచ్చుకున్న మామూలు మాంసమే. జిల్‌హజ్ 10, 11, 12 తేదీల్లో ఎప్పుడైనా ఇవ్వొచ్చు, 12న సూర్యాస్తమయంతో గడువు అయిపోతుంది. మొదటి రోజు శ్రేష్ఠం. అయినా కసాయి దొరక్క టెన్షన్ పడి, చేతకాని కుర్రాడి చేత కోయించడం కంటే రెండో రోజు నిమ్మళంగా ఇవ్వడం మంచిది.

కోత

అల్లాహ్ ప్రతి పనిలో మేలైన పద్ధతిని విధించాడు, మీరు కోసేటప్పుడు చక్కగా కోయండి, కత్తికి పదును పెట్టుకోండి, పశువుకు సుఖం ఇవ్వండి అని హదీసు (ప్రవక్త మాట). పశువు కళ్లెదుట కత్తి నూరుతున్న మనిషిని చూసి ప్రవక్త (స) "దాన్ని రెండుసార్లు చంపాలనుకుంటున్నావా" అని మందలించారు. కత్తి ఇంటి దగ్గరే నూరించి, గుడ్డలో చుట్టి తీసుకెళ్లండి. ఒక పొట్టేలు ముందు ఇంకోదాన్ని కోయనివ్వద్దు. వరసలో పెట్టి కోసే చోట ఇది కష్టమే. అయినా అడగండి, మధ్యలో ఒక పరదా కట్టించండి. నలుగురు అడిగితే వచ్చే ఏడాదికి అదే అలవాటవుతుంది.

ముందు నీళ్లు పెట్టండి. కాళ్లు పట్టి ఈడ్వకుండా నడిపించుకు రండి. ఖిబ్లా (మక్కాలోని కాబా ఉన్న దిక్కు) మనకు పడమర, కాస్త ఉత్తరానికి. ఎడమ పక్కకు పడుకోబెడితే తల దక్షిణం వైపు, కాళ్లు పడమర వైపు వస్తాయి. మీకు చేతనైతే మీరే కోయండి, కాకపోతే పక్కన నిలబడండి. మనసులో ఇది అల్లాహ్ కోసం అనుకుని "బిస్మిల్లాహి అల్లాహు అక్బర్" అనాలి. గాలిగొట్టం, ఆహారనాళం, రెండు రక్తనాళాలు ఒక్క విసురులో తెగాలి. తల పూర్తిగా వేరు చేయొద్దు. తన్నుకులాట ఆగి, ఒళ్లు చల్లబడేదాకా తోలు వలవడం మొదలుపెట్టనివ్వద్దు. కసాయికి ఇంకో పది ఇళ్లు ఉంటాయి, తొందరపడతాడు. ఆ రెండు మూడు నిమిషాలు ఆపడం మీ పని.

ఫోన్ జేబులో పెట్టేయండి. ఒక ప్రాణం పోతున్న వీడియో స్టేటస్‌లో పెట్టడానికి ఏ కారణమూ లేదు.

పంపకం

మాంసం మూడు భాగాలు చేసి, ఒకటి ఇంటికి, ఒకటి బంధుమిత్రులకు, ఒకటి పేదలకు ఇవ్వడం మంచి పద్ధతి. ఇది తప్పనిసరి లెక్క కాదు. ఇల్లు పెద్దదై, చేతిలో డబ్బు తక్కువైతే ఎక్కువ ఉంచుకున్నా తప్పులేదు. స్థోమత బాగా ఉంటే ఎక్కువ ఇచ్చేయండి. ఒకసారి ప్రవక్త (స) ఇంట్లో గొర్రెను కోసి పంచేశారు. ఏం మిగిలిందని ఆయన అడిగితే భార్య ఆయిషా (ర) గారు "భుజం ఒక్కటే మిగిలింది" అన్నారు. ఆయన "భుజం తప్ప అంతా మిగిలింది" అన్నారు.

తూకం తెచ్చుకోండి. కంటి అంచనాతో తీస్తే తెలియకుండానే మన గిన్నె బరువెక్కుతుంది. తొడ, జబ్బ, చాప్స్, మెడ అన్నీ ముక్కలు కొట్టించి ఒక పెద్ద బేసిన్‌లో కలిపేయండి, ఆ తర్వాతే భాగాలు వేయండి. తొడలు ఫ్రిజ్‌లోకి, ఎముకలు, కొవ్వు పేదలకు అన్నట్టు నడిచే ఇళ్లున్నాయి. నాకు ఇది చాలా కోపం తెప్పించే సంగతి. ప్రతి పొట్లంలో కండ ఉండాలి, ఎముక ఉండాలి, ఒక కార్జం ముక్క ఉండాలి. అయిదుగురున్న ఇంటికి ముప్పావు కిలో కంటే తగ్గకుండా చూడండి, అప్పుడే ఒక పూట అందరూ కడుపునిండా తింటారు. ఇరవై ఇళ్లకు గుప్పెడేసి కంటే ఏడు ఇళ్లకు సరిపడా ఇవ్వడం నాకు నచ్చుతుంది. నూనె, మసాలా, బియ్యం కొనే వీలు లేని ఇల్లయితే అవీ సంచిలో పెట్టండి. ఉట్టి మాంసంతో కూర కాదుగా.

గేటు దగ్గర వరస కట్టించకండి. గుమ్మానికి వచ్చినవాళ్లను లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, పొట్లం చేతికివ్వండి. ఖుర్‌ఆన్ 2వ సూరా 264వ ఆయతు ఎత్తిపొడుపు మాటలతో, మనసు నొప్పించడంతో మీ దానాలను పాడు చేసుకోవద్దంటుంది. "నిరుడు కూడా వచ్చావుగా" అన్న ఒక్క మాట చాలు, మొత్తం పోవడానికి. జాబితాలో మొదట రాసుకున్న ఇళ్లకు పనివాడిని పంపకండి, మీరే వెళ్లండి, లేదా ఇంట్లో ఆడవాళ్లు వెళ్లాలి. చీకటి పడ్డాక వెళ్తే మంచిది. పొట్లం కంటే మూత ఉన్న గిన్నె మంచిది, వీధిలో ఎవరికీ కనిపించదు. పిల్లలను వెంట తీసుకెళ్లండి గానీ, ఆ ఇంట్లో వాళ్ల క్లాస్‌మేట్ ఉంటే వద్దు. ఆ వయసు పిల్లలకు అది జీవితాంతం గుర్తుంటుంది.

ఇక హిందూ, క్రైస్తవ స్నేహితుల ఇళ్లు. వాళ్లకు ఇవ్వొచ్చా అని చాలామంది అడుగుతారు. ఇవ్వొచ్చు. ప్రవక్త సహచరుడు అబ్దుల్లా బిన్ అమ్ర్ (ర) ఇంట్లో గొర్రెను కోస్తే, "మన యూదు పొరుగాయనకు పంపారా" అని ఆయన మళ్లీ మళ్లీ అడిగారు. అయితే వాళ్ల అలవాట్లు తెలుసుకుని పంపాలి. 2025లో బక్రీద్ శనివారం వచ్చింది. మా పై అంతస్తు వాళ్లు శనివారం నీసు ముట్టరు. వాళ్ల భాగం విడిగా కట్టి ఫ్రీజర్‌లో పెట్టి ఆదివారం ఉదయం ఇచ్చాం. ఆవిడ సంక్రాంతికి అరిసెలు పంపేటప్పుడు మాకు నువ్వులు పడవని గుర్తుపెట్టుకుంటుంది. అసలు మాంసమే తినని ఇళ్లకు షీర్ ఖుర్మానో, పళ్లో పంపండి.

ఫ్రిజ్ గురించి ఒక మాట. మదీనాలో ఒక ఏడాది కరువు వచ్చి పల్లెల నుంచి పేదలు ఊళ్లోకి వచ్చేశారు. ఆ ఏడాది ఖుర్బానీ మాంసం మూడు రోజులకు మించి ఉంచుకోవద్దన్నారు ప్రవక్త (స). తర్వాతి ఏడాది ఆ కరువు లేదు, "తినండి, దాచుకోండి, దానం చేయండి" అన్నారు. ఫ్రీజర్ నింపే ముందు ఆ ఏడాది మీ వీధి ఏ పరిస్థితిలో ఉందో చూసుకోండి.

"ఆ డబ్బేదో పేదలకిస్తే పోలేదా?"

ప్రతి ఏటా ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు, మంచి మనసుతోనే వేస్తారు. వాజిబ్ అయినవాళ్లకు ఈ మూడు రోజుల్లో ఖుర్బానీకి బదులు డబ్బు చెల్లదు. గడువు దాటిపోయి ఇవ్వలేకపోతే అప్పుడు దాని ఖరీదు దానం చేయాలి. డబ్బు దానానికి మిగతా ఏడాదంతా ఉంది, జకాత్ రూపంలో నలభయ్యో వంతు ఎలాగూ విధి. నేను చూసినంతలో, కిలో మాంసం కొనడానికి ఏడాదిలో ఒక్కసారి కూడా చేయి ఆడని ఇళ్లు మన ఊళ్లో ఉన్నాయి. వాళ్ల చేతికి డబ్బు ఇస్తే అది అద్దెకో, మందులకో పోతుంది, పోవాల్సిందే కూడా. ఆ రోజు మాంసమే వెళ్తే ఆ పిల్లలు కూడా మిగతా పిల్లల్లాగే ముక్కలు లెక్కపెట్టుకుంటూ తింటారు.

రెండోది, మూడోది ఖుర్బానీ ఇవ్వగలిగిన వాళ్లుంటారు. వాళ్లకు మాత్రం చెబుతాను: వాజిబ్ అయినది ఇచ్చేయండి, పైన ఇవ్వాలనుకున్న దాని డబ్బుతో జాబితాలో ఒకింటి పిల్లాడి ఫీజు కట్టండి. జూన్‌లో బడులు తెరిచేవేళకు ఆ అవసరం గొంతు మీద ఉంటుంది.

ఆ కాగితం పారేయకండి

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మన ఊళ్లోని సింగ్‌నగర్ మునిగినప్పుడు మా వీధి కుర్రాళ్లు అన్నం వండి పడవల మీద తీసుకెళ్లారు. మెయిన్ రోడ్డు దాకా ఈదుకుంటూ వచ్చినవాళ్లకు పొట్లాలు అందాయి. లోపలి సందుల్లో, ముసలివాళ్లున్న ఇళ్లకు అందలేదు. మూడో రోజు ఒక కుర్రాడు ఇంటి దగ్గర నుంచి మా బక్రీద్ జాబితా ఫోటో తెప్పించుకున్నాడు. అందులో సింగ్‌నగర్ పేర్లు నాలుగున్నాయి, వాటికి ఇంటి గుర్తులు కూడా రాసి ఉన్నాయి. ఆ నాలుగిళ్లకూ నేరుగా వెళ్లగలిగారు. అందుకే పేరు పక్కన సందు, గుర్తు, ఇంట్లో ఎంతమంది, షుగరున్నవాళ్లెవరు, ఇవన్నీ రాసుకోమంటాను. ఎవరికి ఎంత ఇచ్చారో మాత్రం రాయకండి.

పండుగయ్యాక మూడు నాలుగు రోజులకు, గిన్నె కోసం అన్నట్టుగా ఆ ఇళ్లకు మీరే మళ్లీ వెళ్లండి. కాసేపు కూర్చోండి, టీ ఇస్తే తాగండి. గిన్నెలో వాళ్లేమైనా పెట్టిస్తే వద్దనకుండా తీసుకోండి. ఆ ఏడాది టైలర్ గారి భార్య క్యారియర్ కోసం వచ్చినప్పుడు అమ్మ చింతపండుతో తోమి తళతళలాడించి ఉంచింది. పై గిన్నెలో మా పెరటి మునగాకు, కింద గిన్నెలో నాన్న కుట్టిన చిన్న గుండ్రటి దిండు. ఆమె దాన్ని మిషను ముందు కుర్చీలో వేసుకుని, దాని మీదే కూర్చుని ఎన్నేళ్లో బట్టలు కుట్టింది.